అమ్మ ముఖం చూసే రోజు

చైత్ర బహుళ అమావాస్యని మన వైపు ఎవరూ పెద్దగా పట్టించుకోరు, మరో మూడు రోజుల్లో వచ్చే అక్షయ తృతీయకి బంగారం రేటు ఎంతుంటుందో అన్నదే గోల. నేపాల్లో మాత్రం అది అమ్మల పండగ. తిథులకి వాళ్లది పౌర్ణమితో ముగిసే నెల కాబట్టి వైశాఖ అమావాస్య అంటారు, 2025లో ఏప్రిల్ 27న వచ్చింది. పంచాంగంలో మాతాతీర్థ ఔంసీ (ఔంసీ అంటే అమావాస్యే), జనం నోట 'ఆమాకో ముఖ్ హేర్నే దిన్', అమ్మ ముఖం చూసే రోజు.

నేను ఖాట్మండులో ఉన్నప్పుడు చూశాను, ఆ పూట మిఠాయి కొట్లో నిలబడే చోటుండదు. పెళ్లయిన ఆడపిల్లలంతా పళ్లు, స్వీట్లు, బట్టలు పట్టుకుని పుట్టింటికి బయల్దేరతారు. నా ముందున్నావిడ డబ్బా కట్టించుకున్నాక మళ్లీ విప్పించి, అమ్మ నమల్లేదని జిలేబీలు తీయించి మెత్తటి లాల్‌మోహన్లు వేయించుకుంది (మన గులాబ్ జామే).

అమ్మ లేనివాళ్లు మాతాతీర్థం వెళ్తారు. ఊరికి నైరుతిలో, థాన్‌కోట్ వైపు, చంద్రాగిరి కొండ కింద. అక్కడ పెద్ద కోనేట్లో స్నానం, పక్కనున్న చిన్నదాంట్లో అమ్మ ముఖం వెతుక్కోవడం. తల్లి పోయిన పశువుల కాపరి ఒకడు దిగులుతో తన తిండి నీళ్లలో వేస్తే ఆవిడ ముఖం కనబడి అందుకుందట. ఆ తర్వాత ఒకమ్మాయి అమ్మని చూసి ఆగలేక దూకేసిందట, అప్పట్నుంచి ఎవరికీ కనబడటం లేదట. నాకు ఈ రెండో ముక్కే నమ్మబుద్ధేస్తుంది, కనబడితే ఎవరాగుతారు?

గట్టు మీద పంతుళ్లు కూర్చుంటారు, వాళ్లకి పోయిన అమ్మ పేరున దొప్పల్లో బియ్యం, పప్పు, కూరలు, దక్షిణ పెట్టి ఇస్తారు, సీధా అంటారు, మన స్వయంపాకమే. ఆడవాళ్లూ స్వయంగా ఇస్తున్నారు. మనకి తల్లి కోసం ప్రత్యేకంగా పిండాలు పెట్టే చోటంటే గుజరాత్‌లో సిద్ధపూర్ ఉంది, మాతృగయ అంటారు, అక్కడా కర్త కొడుకే. మా ఇంట్లో అమ్మ తద్దినం అన్నయ్య పెడతాడు, నా వాటా వంటింట్లో గారెలు వేయడం. ఇక్కడ నేనూ ఒక దొప్ప తీసుకుని కూర్చుంటే పంతులుగారు గోత్రం అడిగారు. అలవాటుగా అత్తింటిది చెప్పబోతే, నీది కాదమ్మా, మీ అమ్మది అన్నారు. పెళ్లయ్యాక పుట్టింటి గోత్రం నా నోట రావడం అదే మొదలు.

నాన్నలకీ ఒక రోజుంది, గోకర్ణేశ్వర్‌లో, బాగ్‌మతి ఒడ్డున. కుశే ఔంసీ అంటారు. అది మనకి పోలాల అమావాస్య. వాళ్లు నాన్న ముఖం చూస్తుంటే, ఇక్కడ అమ్మలు కంద మొక్కకి పూజ చేసి పిల్లల పేరున బూరెలు వండుతుంటారు.