రిపోర్టులు బాగున్నాయి, నేనే బాగాలేను

మాది శ్రీకాకుళం వైపు ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న చోటు. మా వైపు డయాలసిస్ కొత్త మాట కాదు, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకోవడం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఎవరూ మాట్లాడనిది మనసు సంగతి.

డయాలసిస్ మొదలైన కొన్నేళ్లకి నాకు తిండి సహించడం మానేసింది. నిద్ర పట్టదు, జీడితోట వైపు వెళ్లబుద్ధి కాదు, మనవరాలు ఒళ్లో కూర్చున్నా విసుగే. "రక్తం తగ్గి ఉంటుంది" అన్నారు ఇంట్లో. ఆ మాటా కొట్టిపారేసేది కాదు, హిమోగ్లోబిన్ తగ్గినా, డయాలసిస్ సరిగ్గా అందకపోయినా ఇలాగే ఉంటుంది, అక్కడే వస్తుంది చిక్కంతా. డాక్టరుగారు ముందు రక్తమే చూశారు. హిమోగ్లోబిన్ 10.6, డయాలసిస్ వాళ్లకి అది బాగున్నట్టే. థైరాయిడ్ మామూలే. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం తక్కువ, 3.2, సీఆర్పీ అనే ఇంకో పరీక్ష ఎక్కువ, అంటే ఒంట్లో ఎక్కడో వాపో ఇన్ఫెక్షనో ఉందని. డయాలసిస్ సూదులు గుచ్చే చేతి రక్తనాళం, అదే ఫిస్టులా, చూశారు, ఏం లేదు. చివరికి పుచ్చిన పన్ను దొరికితే పీకించుకున్నా. సీఆర్పీ దిగింది, నేను మాత్రం అలాగే ఉన్నా.

అప్పుడు నర్సమ్మ డిప్రెషన్ ఉందేమో చూసే కాగితం ఒకటి తెచ్చి తొమ్మిది ప్రశ్నలు అడిగింది. గత రెండు వారాల్లో ఎలా ఉందో చెప్పాలి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. చివరిది, చచ్చిపోతే బాగుండుననిపించిందా అని. పక్క బెడ్డాయన వింటున్నాడని లేదన్నాను. ఆమె తెర లాగి మళ్లీ అడిగింది, అప్పుడు చెప్పేశా. మొత్తం 16 వచ్చింది. 10 వచ్చినా, దాటినా డాక్టరు చూడాల్సిందేనట.

మానసిక డాక్టరుని నేనడిగిన మొదటి మాట, "సార్, ఇది ఏ రక్త పరీక్షలో తెలుస్తుంది?" దేంట్లోనూ తెలియదన్నారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సీఆర్పీ లాంటివి ఎక్కువగా కనబడటం ఉందట గానీ, ఏది దేనివల్లో తేల్చి చెప్పలేరట. తినకపోయినా అల్బుమిన్ తగ్గుతుంది, వాపు ఉన్నా తగ్గుతుంది, మరి ఎవరు చెప్పగలరు! డయాలసిస్ వాళ్ల మీదే అమెరికాలో చేసిన పరిశీలన ఒకటి 2019లో వచ్చిందని, అందులో కౌన్సెలింగ్ కన్నా సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మాత్ర కొంచెం మెరుగ్గా పనిచేసిందని, ఇబ్బందులూ మాత్రతోనే ఎక్కువని ఉన్నదున్నట్టు చెప్పారు. ఈసీజీ తీసి తక్కువ డోసుతో మొదలుపెట్టారు. మొదట్లో వికారం బాగా పెట్టింది, తర్వాత సర్దుకుంది.

ఇప్పుడు తింటున్నా, అల్బుమిన్ కూడా కొంచెం పెరిగింది. నిద్ర మాత్రం ఇంకా సరిగ్గా లేదు, రాత్రిళ్లు కాళ్లు ఒకటే లాగుతాయి. దానికి ఐరన్ పరీక్ష రాశారు, ఈసారి రక్తంలోనే ఏమైనా దొరుకుతుందేమో చూడాలి.