హాగిస్ తినమన్నాను, గొడ్డు కొవ్వు వద్దన్నాను

మా పెద్దమ్మాయి ఈ వేసవిలో స్నేహితురాళ్లతో ఐర్లాండ్, స్కాట్లాండ్ తిరగడానికి వెళ్తోంది. పులిహోర కట్టిస్తానంటే వద్దంది. "అక్కడికెళ్లి కూడా మన తిండే తింటే ఇక వెళ్లడం దేనికమ్మా?" అంది. మనసు చివుక్కుమంది కానీ, ఆ మాటలో న్యాయం ఉంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ రాకముందు మేం కొన్నేళ్లు డబ్లిన్‌లో ఉన్నాం. అందుకే ఎక్కడ ఏం తినాలో నేనే కూర్చుని చెప్పాను.

డబ్లిన్‌లో దిగగానే సోడా బ్రెడ్ తినాలి. అక్కడి మెత్తరకం గోధుమ ఈస్ట్‌తో సరిగా పొంగదు, అందుకే వంటసోడా, మజ్జిగ వేసి చేస్తారు. పైన కత్తితో పెద్ద శిలువ గాటు పెడతారు. వేడివేడి ముక్కకు ఉప్పు వెన్న దట్టంగా రాసుకోవాలి. కేల్ ఆకో క్యాబేజీయో కలిపి మెదిపిన బంగాళాదుంప కోల్‌కానన్. బెల్‌ఫాస్ట్ వైపు దుంపలో ఉల్లికాడలు కలిపితే అది చాంప్. మధ్యలో గుంట చేసి వెన్న వేస్తారు, అంచునుంచి చెంచాతో తీసి ఆ వెన్నలో ముంచుకుని తినాలి. 1845లో తెగులు తగిలి ఈ దుంప పంటే కుళ్లిపోయింది, తర్వాతి కొన్నేళ్లలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఆ దేశంలో దుంప మాత్రం పళ్లెంలో వదిలేయొద్దని గట్టిగా చెప్పాను.

ఎడిన్‌బరోలో హాగిస్. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, ఉల్లిపాయ, మిరియాలు కలిపి, పాత పద్ధతిలోనైతే గొర్రె పొట్టలో పెట్టి ఉడికిస్తారు. పక్కన మెదిపిన దుంపలు. అమ్మాయి మొహం అదోలా పెట్టింది. "జనగామలో నానమ్మ చేసే బోటీ కూర, రక్తంతో చేసే నల్ల లొట్టలేసుకుని తింటావు, ఇది అంతకంటే వింతేం కాదు తల్లీ" అన్నాను. కవి రాబర్ట్ బర్న్స్ దీని మీద పద్యమే రాశాడు. ఏటా జనవరి 25న ఆయన పుట్టినరోజుకి స్కాట్లాండ్ అంతా ఇదే తింటుంది.

ఆ తర్వాత "గొడ్డు కొవ్వు కలిపారేమో అడుగు" అన్నాను. బజార్లో దొరికే హాగిస్ కొన్నింట్లో అది ఉంటుంది. అప్పుడడిగింది: "ఐర్లాండ్‌లో బ్లాక్ పుడింగ్ తినొచ్చన్నావు. అందులో వేసే పంది రక్తం పర్వాలేదా? గొడ్డు కొవ్వు ఒక్కటే తప్పా?"

మనింట్లో తినం అన్నాను. అంతకంటే పెద్ద జవాబు నా దగ్గర లేదు, అయినా ఆ పట్టు వదలాలని లేదు. ఇక్కడ మా లీడ్స్ ఉన్న యార్క్‌షైర్‌లో చాలా షాపుల్లో చిప్స్ గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. నేను మాత్రం వంటనూనె వాడే షాపు వెతుక్కుని వెళ్తాను. తను స్నేహితులతో బయటికెళ్లినప్పుడు ఏ షాపుకి వెళ్తుందో నేనెప్పుడూ అడగలేదు.

పద్దెనిమిదేళ్ల పిల్ల. ఊరుకాని ఊళ్లో ప్రతి ప్లేటు ముందూ నా నియమం గుర్తుపెట్టుకోవాలా? వద్దంటే, పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో పాటించిన ఒక్క నియమాన్ని నేనే వదిలేసినట్టవుతుందేమో! తిన్నవన్నీ ఫోన్లో చెప్పమనాలో, తనకిష్టమైనవే చెప్పమనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.