కూతురి వాటా తీర్పు మీద వివరణ రాసిన అనుభవం

2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తీర్పు చెప్పగానే ఎక్కడ చూసినా ఒకటే మాట, ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కు అని. సమాన హక్కు హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతోనే వచ్చింది కదా, మరి కోర్టు కొత్తగా తేల్చిందేమిటి? దీనికి సూటి జవాబు నాకు తెలుగులో దొరకలేదు. లా చదివాను గానీ ప్రాక్టీసు చేయను, అయినా నేనే రాద్దామని కూర్చున్నాను.

తీర్పు వంద పేజీలు దాటింది. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే మితాక్షర (ఉమ్మడి ఆస్తి హక్కుల మీద పాత హిందూ ధర్మశాస్త్ర పద్ధతి), ఉమ్మడి కుటుంబం, పాత కేసులు, వాటి మీద వాదనలు... సగంలోనే ఓపిక అయిపోతుంది. అందుకే ముందు చివరికి వెళ్లి కోర్టు తేల్చిన ఐదు అంశాలు చదివి, ఆ తర్వాత వెనక్కి వచ్చాను. ఇలా చదివితే, ఇంత చరిత్ర ఎందుకు తవ్వారో అప్పుడు అర్థమవుతుంది.

అసలు గొడవ ఇదీ. 2005 సెప్టెంబర్ 9న సవరణ అమల్లోకి వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా, అక్కర్లేదా? 2015లో ఫూలవతి కేసులో ఇద్దరు జడ్జీలు, తండ్రి బతికి ఉండాలన్నారు. 2018లో దానమ్మ కేసులో ఇంకో ఇద్దరు, తండ్రి 2001లోనే చనిపోయినా కూతుళ్లకు వాటా ఇచ్చారు. రెండూ సుప్రీంకోర్టువే, రెండూ ఇద్దరు జడ్జీల బెంచీలే, మరి కింది కోర్టు దేన్ని పాటించాలి? ఆ చిక్కు విప్పడానికే ముగ్గురు జడ్జీల బెంచి కూర్చుంది. (అందులో ఒకరు జస్టిస్ అబ్దుల్ నజీర్, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చినాయన.) హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని తేల్చారు. నిజానికి ఈ తీర్పులో వార్త అంటే ఇదే.

రాసేటప్పుడు నన్ను ఎక్కువ ఆపింది మాత్రం నోటి పంపకాల సంగతి. 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిపోయిన పంపకాలను, అమ్మకాలను, వీలునామాలను చట్టం కదపదు. అది సవరణ బిల్లు రాజ్యసభలోకి వచ్చిన రోజు. అయితే పంపకం అంటే రిజిస్టరైన దస్తావేజు గానీ కోర్టు డిక్రీ గానీ ఉండాలి. మన దగ్గర పెద్దమనుషులు కూర్చుని, తెల్లకాగితం మీద రాసుకుని, ఎవరి చెక్క వాళ్లు దున్నుకుంటున్న కుటుంబాలు ఎన్నో! వాళ్లందరికీ ఈ తీర్పు ఏం చెబుతుంది? ఊరికే నోటిమాట పంపకం అంటే ఒప్పుకోరు. ప్రభుత్వ రికార్డుల బలం ఉండి, పంపకం జరిగిందని గట్టిగా రుజువైతేనే, అదీ అరుదుగా, ఒప్పుకోవచ్చు. కూతుళ్ల వాటా ఎగ్గొట్టడానికి పాత తేదీలు వేసి పంపకం కథలు అల్లకుండా ఈ కట్టడి. నాకు ఇది న్యాయంగానే అనిపించింది, కాకపోతే నిజంగానే నోటితో పంచుకున్న అన్నదమ్ములకు రుజువు చేసుకోవడం మాత్రం మామూలు టెన్షన్ కాదు.

చిత్తుప్రతి ఒక సివిల్ లాయరు గారికి చూపిస్తే రెండు చోట్ల గీత పెట్టారు. ఒకటి, ఇదంతా పిత్రార్జితం గురించే, తండ్రి స్వార్జితాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు, ఆ ముక్క పైనే పెట్టమన్నారు. రెండోది ఇదే వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విడిగా చేసుకున్న సవరణ. ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన ఆ చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది, అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. మన జనానికి ఇప్పటికీ గుర్తున్నది ఆ లెక్కేనట. 2005 చట్టంలో పెళ్లయిందా లేదా అన్న తేడానే లేదు. దీన్ని ఒక వాక్యంలో సరిపెడదామనుకున్నా గానీ కుదరలేదు, విడిగా ఒక పేరా రాసి ఇచ్చాను.