నీలం అంటిన చోటే మిట్ట

మన ఐటీఐ సంచికకి ఏదైనా రాసి పంపమని కమిటీ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. హాస్టలు ఉప్మా, గంటస్తంభం దగ్గర టీలు, సైరన్ మోగిన రోజు, ఇవన్నీ ఎవరో ఒకరు రాస్తారు. మొన్న కలిసినప్పుడు మన పొడుగోడూ, మెషినిస్టు బ్యాచి వాళ్ళూ నన్నడిగింది మాత్రం ఒకటే: కంప్యూటర్‌తో నడిచే, చెక్క కోసే రౌటర్ మిషను సొంతంగా కట్టుకోవాలంటే ఏ సామాను కొనాలి? అదే రాస్తున్నాను. ఫిట్టింగు మాస్టారిని తలవకుండా అది రాయలేను.

మొదటి నెలంతా ఆయన మన చేత ఒకే ఇనప ముక్కని రుద్దించారు. సర్ఫేస్ ప్లేటు మీద పల్చగా నీలం రాసి, ముక్కని బోర్లించి రెండుసార్లు జరిపి, తిప్పి చూపించేవారు. రెండు మూలల్లో నీలం, మధ్యలో ఏమీ ఉండేది కాదు. “ఏట్రా, మెరిసిపోతే సమంగా ఉన్నట్టేనా? నీలం అంటిన కాడే మిట్ట. ఆకురాయి అక్కడే ఆడించు.” దసరా సెలవులయ్యాక బోర్డు మీద సిరిమాను (జాతరలో చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) గీసి చెప్పిన పాఠం గుర్తుందిగా? చివర అదే బరువుంటే, నిడివి రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. అదే గుండ్రటి మాను మందం రెట్టింపైతే వంపు పదహారో వంతు.

మిషను కట్టేవాళ్ళు చాలామంది ముందు మోటార్లు కొంటారు. అది తల్లకిందుల పద్ధతి. ముందు ఏం కోస్తారో తేల్చుకోవాలి. పనస, టేకు, ప్లైవుడ్, యాక్రిలిక్, అప్పుడప్పుడు కాస్త అల్యూమినియం అయితే 600 × 900 మిల్లీమీటర్ల పని జాగా ఉన్న రౌటర్ చాలు. ఇనుము మిల్లింగ్ చెయ్యాలంటే దారే వేరు, దీన్ని నమ్ముకోవద్దు. చెక్కతో ఫ్రేము కడితే వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది, మూలమట్టం నిలవదు. ఇనప చదరపు గొట్టాలు వెల్డు చెయ్యండి. ఒక మూల పూర్తిగా కాల్చేస్తే వెల్డు చల్లారేటప్పుడు ఫ్రేముని తనవైపు లాగేస్తుంది. ముందు అన్నిచోట్లా చుక్కలు పెట్టి, రెండు కర్ణాలు కొలిచి సమానమయ్యాక, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా కాల్చాలి. అప్పుడైనా మిషను జారే పట్టాలు కూర్చునే మొహాలు చదును కావు. వాటిని మిల్లింగ్ చేయించాలి, లేదా సందు కొలిచే ఫీలర్ గేజి పెట్టి చూసి సన్నటి రేకులతో సర్దాలి.

రెండు చివర్లే పట్టున్న గుండ్రటి కడ్డీల మీద గ్యాంట్రీ (కోసే తలని మోస్తూ అటూ ఇటూ నడిచే అడ్డ దూలం) ఎక్కించకండి, నడిమధ్యన కుంగుతుంది. అడుగున నిడివంతా ఆనిక ఉన్న ఎస్‌బీఆర్ కడ్డీలు చెక్క పనికి ఫరవాలేదు. డబ్బు సర్దుబాటైతే చదరపు పట్టాలకే నా ఓటు. హెచ్‌జీఆర్ 15 (15 మిల్లీమీటర్ల వెడల్పుది) చాలు, 20 అయితే దిగుల్లేదు. అయితే ఈ పట్టా ఎలాంటి మొహం మీద బిగిస్తే అలాగే వంగుతుంది. మొహం మిట్టపల్లాలుగా ఉంటే, పట్టా మీద జారే దిమ్మ, అదే క్యారేజీ, ఒకచోట తేలిగ్గా, ఇంకోచోట పట్టేసినట్టు నడుస్తుంది. ఒక పట్టాని పూర్తిగా బిగించాక, రెండోదాని బోల్టులు వదులుగా ఉంచి, గ్యాంట్రీని అటూ ఇటూ నడిపిస్తూ బిగించుకు రావాలి. భీమిలి నుంచి బారువ దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో పట్టాలు ఊరికే తుప్పు పడతాయి. సాయంత్రం పని అయ్యాక పొట్టు తుడిచి, నూనె గుడ్డతో ఒక చెయ్యి వేసి పడుకోవాలి.

మోటారు తిప్పితే గ్యాంట్రీని జరిపే స్క్రూ విషయంలో పిసినారితనం వద్దు. ఇత్తడి నట్టు ఉన్న టీ8 (8 మిల్లీమీటర్ల) స్క్రూ కొన్ని నెలలకే అరిగి లూజవుతుంది. గుండ్రంగా కొయ్యమంటే, దిశ మారేచోట సున్నా చదునెక్కుతుంది. నట్టులో గుళ్ళు దొర్లే ఎస్‌ఎఫ్‌యూ 1605 బాల్ స్క్రూ వెయ్యండి: 16 మిల్లీమీటర్ల మందం, ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్ల నడక. స్క్రూని మోసే బేరింగు దిమ్మలు: మోటారు వైపు బీకే 12, రెండో కొసకి బీఎఫ్ 12. బీకే స్క్రూని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకుంటుంది. బీఎఫ్ దాన్ని వేడికి సాగనిస్తుంది. రెండు కొసలా బీఎఫే పెడితే స్క్రూయే అటూ ఇటూ జరుగుతుంది. స్క్రూ పొడవైతే వేగం మీద తాడులా ఊగడం మొదలెడుతుంది. నిడివి రెట్టింపైతే ఆ హద్దు వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. పొడుగు వైపు నడిమధ్యన ఒక్క స్క్రూ పెడితే గ్యాంట్రీ ఓరగా లాగుతుంది కాబట్టి రెండువైపులా రెండు పెట్టండి.

మోటార్ల దగ్గర అందరూ పెద్దది కావాలంటారు. నీమా 23 కొలత స్టెప్పర్ మోటారు (అడుగు అడుగుగా తిరిగేది), సుమారు 1.9 న్యూటన్ మీటర్లది ఈ కొలత మిషనుకి సరిపోతుంది. పెట్టె మీద రాసే ఆ బలం మోటారు నిలబడి ఉన్నప్పటిది, తిరిగేకొద్దీ తగ్గుతుంది. పెద్ద మోటారు చుట్టల్లోకి కరెంటు ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, వేగంలో అదే ముందు నీరసిస్తుంది. దానికి మందు వోల్టేజీ. మోటారుకి కరెంటు పంపే డీఎం 542 డ్రైవర్లకి 24 బదులు 36 వోల్టులివ్వండి. వాటి హద్దు 50 వోల్టులే. మోటారు ఆగేటప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీ కూడా దానికి కలుస్తుంది, అందుకే 48 దాకా పోవద్దు. కరెంటు ఉండగా మోటారు వైరు పీకితే డ్రైవరు అక్కడికక్కడే పోతుంది.

తర్వాత లెక్క. మోటారు చుట్టుకి 200 అడుగులు (స్టెప్పులు), మైక్రోస్టెప్ 8 పెడితే, అంటే ఒక్కో అడుగుని ఎనిమిది ముక్కలు చేస్తే, 1600. దాన్ని 5తో భాగిస్తే మిల్లీమీటరుకి 320. మిషనుని నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాంలో $100, $101, $102 దగ్గర వేసే అంకె అదే. ఆర్డునో ఊనో అనే చిన్న బోర్డు మీద జీఆర్‌బీఎల్ సెకనుకి దాదాపు 30,000 పల్సులివ్వగలదు, అంటే నిమిషానికి 5,600 మిల్లీమీటర్లు. మైక్రోస్టెప్ 16 చేస్తే అది సగమవుతుంది, నునుపు మాత్రం రెట్టింపు కాదు. మోటారు ఒక అడుగు తప్పితే ఆ సంగతి బోర్డుకి తెలీదు. కరెంటు పోయి వచ్చినా అంతే. అందుకే మిషను తన మొదటి చోటు గుర్తుపట్టే హోమ్ స్విచ్చులు తప్పనిసరి. మామూలుగా మూసి ఉండే రకం పెట్టండి, వైరు తెగినా మిషను ఆగుతుంది.

నన్ను ఎక్కువ ఏడిపించింది స్పిండిల్, అంటే కోసే బిట్టుని తిప్పే మోటారు. నీళ్ళతో చల్లారే 1.5 కిలోవాట్లది, బిట్టుని పట్టుకునే ఈఆర్ 11 కాలెట్‌తో, ఇంటి సింగిల్ ఫేజు మీద వీఎఫ్‌డీతో (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి వేగం అదుపు చేసే పెట్టె) నడుస్తుంది. 400 హెర్ట్‌జ్ దగ్గర నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతుంది. వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీ 50గానే వదిలేసి స్విచ్చు వేస్తే, ఆ తక్కువ వేగంలోనే పూర్తి వోల్టేజీ చుట్టల మీద పడి కాలిపోతుంది. ముందు 400 అని వెయ్యండి, తర్వాతే స్పిండిల్ తగిలించండి. ఆ వైరు షీల్డు ఉన్నదే కావాలి. స్విచ్చుల వైర్లకి దూరంగా లాగి, షీల్డుని ఎర్త్ చెయ్యండి. లేకపోతే పని మధ్యలో ఎవరూ ముట్టకుండానే అంచు (లిమిట్) స్విచ్చు తగిలిందని మిషను ఆగిపోతుంది. చెక్క మాడి నల్లబడితే వేగం ఎక్కువైందనుకుని నడక తగ్గిస్తారు. అది తప్పు. బిట్టు పొట్టు తియ్యకుండా ఒకేచోట రుద్దుతోందన్నమాట. నడక పెంచండి, లేదా చుట్లు తగ్గించండి.

బొబ్బిలి రోడ్డులో మా షెడ్డులో ఇలాంటివి మూడు నడుస్తున్నాయి. తలుపు చెక్కుళ్ళు, చిన్న వీణలకి పీఠాలు, గుళ్ళకి పలకలు చేస్తున్నాం. నలుగురు కుర్రాళ్ళున్నారు, ఇద్దరు మన ఐటీఐ వాళ్ళే. కొత్తగా చేరినవాడి చేత మొదటి వారం కంప్యూటర్ ముట్టించను. కింద పరిచిన ఎండీఎఫ్ పలక మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయిస్తాను. తర్వాత వెడల్పాటి బిట్టుతో అర మిల్లీమీటరు లోతున పలకంతా చెక్కిస్తాను. వాడు వంగి, పొట్టు ఊదేసి, ఎక్కడైనా గీత మిగిలిందేమో వెతుకుతాడు. మిగిలిన చోట ఇంకా పల్లం ఉన్నట్టు, మరో అర మిల్లీమీటరు తియ్యాలి. మాస్టారి నీలం మిట్టని చూపించేది, ఈ పెన్సిల్ పల్లాన్ని చూపిస్తుంది.