అయామ్ గుడ్ అంటే ఇంకోటి వెయ్యమని కాదు

ఎండాకాలం సెలవులకు డల్లస్ నుంచి పిల్లల్ని హనుమకొండ తీసుకొస్తే చుట్టాలందరి టెన్షన్ వాళ్ల తెలుగు గురించే. నన్నడిగితే చిక్కంతా ఇంగ్లీషుతోనే, ఎందుకంటే ఇక్కడి ఇంగ్లీషూ అక్కడి ఇంగ్లీషూ ఒకటేనని అందరికీ గట్టి నమ్మకం.

మొన్న మా అమ్మ సర్వపిండి చేసింది. గిన్నెలోనే పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, అడుగు ఎర్రగా కాలిందాకా ఉంచింది. మావాడు కడుపునిండా తిన్నాడు, ఇంకోటి పెట్టబోతే "అయామ్ గుడ్" అన్నాడు. పక్కనున్న మా అన్న "బాగుందంటాండమ్మా, ఇంకోటెయ్యి" అన్నాడు. వేసింది. వాడు మళ్లీ అదే మాట, అమ్మ మళ్లీ ఇంకో ముక్క! అమెరికాలో అట్లాంటప్పుడు ఆ మాటకు చాలు, నాకొద్దు అని అర్థం.

ఇంకోరోజు మా అన్న కొడుకు "నేను పోయినేడే పాసౌట్ అయిన" అంటే మావాడు కంగారుపడి "మరి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారా?" అన్నాడు. అక్కడ పాసౌట్ అంటే స్పృహ తప్పడం. అట్లని మనవాళ్లది తప్పు అనను, బ్రిటన్‌లో సైనిక శిక్షణ పూర్తయినప్పుడు జరిగేది పాసింగ్ అవుట్ పరేడే కదా. పైగా ఇది 1959లో ఆర్‌ఈసీ అనే ఇంజినీరింగ్ కాలేజీ (ఇప్పటి ఎన్‌ఐటీ) వచ్చిన ఊరు, ఇక్కడ ఆ మాట మానమంటే ఎవరు వింటారు.

మా చిన్నప్పుడు ఇవన్నీ గైడ్‌లో చూసి బట్టీ పట్టినవే: పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. పరీక్షకు పనికొచ్చాయి, నోటికి రాలేదు. మా పిల్లలు వాటిని ఆటల్లో, కొట్లాటల్లో పట్టేశారు. తెలుగు కూడా అట్లనే వస్తుందని ఈసారి చూశాను. ఫోన్ కోసం మావాడు సతాయిస్తుంటే మా అమ్మ "పొద్దటి సంది నా వెంట పడ్తాండు" అంది, మా చిన్నది వాడెక్కడ పడ్డాడా అని వెనక్కి తిరిగి చూసింది. బయటపడటం, ఎగబడటం, తలపడటం, వీటిలో ఎవరూ కింద పడరని నేను పాఠం మొదలుపెట్టేలోపే అది ఆడుకోవడానికి వెళ్లిపోయింది. ఇప్పుడు వాళ్లన్న ఏమడిగినా "నా వెంట పడకు" అంటోంది, అదీ అచ్చం అమ్మమ్మ యాసలో.