పర్లాకిమిడిలో బడి దెయ్యాల టెలిఫిల్మ్ తీసిన అనుభవం

ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకుంటూ చూసే దెయ్యాల కథ ఒకటి తెలుగులో తీయాలని నాకు చాలాకాలంగా కోరిక. లోకల్ కేబుల్లో ఆదివారం పూట వేసుకునేంత చిన్న టెలిఫిల్మ్, కథంతా బడిలోనే జరగాలి. మాది పర్లాకిమిడి. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమే అయినా పొలిమేర దాటితే ఆంధ్రా. ఇటువైపు తెలుగువాళ్లెవరైనా ఇలాంటి పని తలపెడితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ తర్జనభర్జన దెయ్యం ఎవరన్న దాని మీదే జరిగింది. స్క్రిప్టు విన్నవాళ్లు "తెల్లచీర, ఇరబోసిన జుత్తు లేకపోతే అది దెయ్యమేటి?" అన్నారు. పక్కింటి మామ్మ "చిల్లంగి పెట్టే ముసల్దాన్ని ఒకర్తిని పెట్టరా నాయనా, జనం ఎగబడి చూస్తారు" అంది. నేను ససేమిరా అన్నాను. ఈ కొండ ఊళ్లలో ఒక ముసలమ్మ మీద చిల్లంగి, అంటే చేతబడి, చేస్తుందన్న అనుమానం పడితే ఆవిడ బతుకు ఏమవుతుందో మాకందరికీ తెలుసు. ఆ దారుణాలను ఆపడానికే ఒడిశా ప్రభుత్వం 2013లో ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. మా బొమ్మ చూసిన పిల్లలు మర్నాడు వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వను వేలెత్తి చూపిస్తే, ఆ నవ్వు నాకక్కర్లేదు. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వేయకూడదని కేబుల్ టీవీ ప్రోగ్రాం కోడ్ కూడా చెబుతోంది. అది లేకపోయినా నా పట్టు అదే.

అందుకని మా దెయ్యాలు ముగ్గురూ బడివాళ్లే. గంట కొట్టే ప్యూను, లెక్కల మాస్టారు, వ్యాకరణం చెప్పే తెలుగు పంతులు. పంతులు పాత్ర ఈ ఊరికే తగినది. గిడుగు రామమూర్తి గారు 1880లో ముప్ఫై రూపాయల జీతానికి రాజావారి బడిలో చేరింది ఇక్కడే. ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనులైన సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు బడులు పెట్టింది ఇక్కడుండగానే. వాడుకభాష కోసం ఆయన అంత పోరాడిన ఊళ్లో మా పంతులు దెయ్యం ఇంకా గ్రాంథికం వదల్లేదు. చీకట్లో "ఎవడవురా నీవు? ఇచ్చటికేల వచ్చితివి?" అని గర్జిస్తాడు. కుర్రాడు వణుకుతూ "నానండి బాబూ, బంతి కోసం వచ్చినానండి, ఒగ్గీండి" అంటాడు. దెయ్యం భయపెట్టడం మరిచిపోయి, వాణ్ని బోర్డు దగ్గరకు పిలిచి తప్పులు దిద్దడం మొదలుపెడుతుంది. పద్యనాటకాలాడిన పెద్దాయన ఒకరు ఆ వేషం వేశారు. ఆ గొంతు, ఆ దర్జా ఇంకెవరికీ రావు.

బడి దొరకడం కష్టమైంది. ఒక బడివాళ్లు "దెయ్యాల బడి అన్న పేరు పడితే పిల్లలను ఎవరు పంపుతారండీ?" అన్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. చివరికి ఒప్పుకున్న బడిలో లోపలి గదులే వాడుకున్నాం, పేరున్న బోర్డు ఎక్కడా పడనివ్వలేదు. బయటి భాగమంతా వేరేచోట తీశాం.

ఇక అనుమతులు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు నటిస్తే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, అనుమతి తప్పనిసరి. బాలకార్మిక చట్టం నియమాల్లోని ఫారం సి లో హామీపత్రం, పిల్లల జాబితా, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల భద్రత చూసే మనిషి పేరు ఇవ్వాలి. అయిదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మేమిచ్చింది పెద్ద మొత్తమేమీ కాదు. అయినా కూతురి పేరున్న ఆ డిపాజిట్ కాగితాన్ని ఒక తల్లి మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని తీసుకెళ్లింది. ఈ నియమం ఎంత మంచిదో నాకు అప్పుడు అర్థమైంది.

పిల్లలతో రాత్రి షూటింగ్ వద్దనుకున్నాం. వేసవి సెలవుల్లో కిటికీలకు నల్లగుడ్డ కట్టి పగలే రాత్రి చేశాం. సుద్దముక్క తనంతట తానే రాసే సీనుకు కంప్యూటర్ అక్కర్లేకపోయింది. కెమెరా కదపకుండా ఒక్కో గీత గీయడం, పక్కకు తప్పుకోవడం, మళ్లీ తీయడం, అంతే. ఓపిక కావాలి గానీ తెరమీద ముచ్చటగా వచ్చింది.

అందరిలోకీ చిన్నపిల్ల పంతులు వేషం చూసి జడుసుకుని ఏడ్చింది. ఇష్టం లేకుండా పిల్లలతో చేయించకూడదని నియమాల్లోనే ఉంది. ఆ పూట తనను వదిలేసి, మర్నాడు పెద్దాయన ముఖానికి పౌడరు తన చేతే రాయించాం. "తాతా, కదలకు" అంటూ తనే దెయ్యాన్ని తయారుచేసింది. ఆ తర్వాత భయమన్నదే లేదు.

ఆదివారం సాయంత్రం కేబుల్లో వేశారు. మా వీధి పిల్లలు ఇప్పటికీ ఒకరినొకరు "ఇచ్చటికేల వచ్చితివి?" అని అడుగుతున్నారు. రెండో భాగం తీయమని చానల్ వాళ్లు అడిగారు, కథ రాస్తున్నాను. పాత కాగితాలు మాత్రం చెల్లవు. హామీపత్రం ఆరు నెలలకే, కాబట్టి పిల్లల జాబితాతో మళ్లీ మొదటినుంచీ దరఖాస్తు పెట్టుకోవాలి.