ఆ తెల్లటి ముక్కను పారేయకుండా ఉండవలసింది

ఫిబ్రవరి చివర ఒక ఉదయం లోదుస్తుల్లో తెల్లటి ముక్క కనిపించింది. సొరగింజంత ఉంది, పలచగా ఉంది. చూస్తుండగానే ముడుచుకుని మళ్లీ సాగింది. వణికిపోయి నీళ్లు పోసి పారేశాను, ఎవరికీ చెప్పలేదు. అది పేగుల్లో పెరిగే బద్దెపురుగు (టేప్‌వార్మ్) నుంచి తెగివచ్చిన ముక్క అని అప్పటికి నాకు తెలియదు.

అప్పటికే నెల రోజులుగా కడుపులో సన్నటి నొప్పి, మలద్వారం దగ్గర దురద. ఒక రోజు ఆకలి ఉండేది కాదు, మరో రోజు ఎంత తిన్నా చాలేది కాదు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ కదా, వేళకు తిండి లేక అనుకున్నాను. మా అమ్మ మాత్రం "కడుపులో నట్టలు పడ్డాయేమో బిడ్డా" అంది. బడిలో పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400, ఒకటి కొని వేసుకున్నాను. ఆ ఒక్క మోతాదు ఏలికపాములు, కొంకిపురుగుల వంటి వాటికి ఉద్దేశించినదనీ, బద్దెపురుగు విషయంలో దాన్ని నమ్ముకోకూడదనీ తరువాత తెలిసింది. వారం తిరగకుండానే మళ్లీ ముక్కలు.

ఒక ల్యాబ్‌లో మల పరీక్ష చేయించాను. పురుగుల గుడ్లు కనిపించలేదని కాగితం ఇచ్చారు. దాన్ని నమ్మి మూడు వారాలు ఊరుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువ బాధపడేది ఆ మూడు వారాల గురించే.

చివరికి నా భార్యకు చెప్పాను. నోరు విప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆమె ఏవగించుకోలేదు, మర్నాడే హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"మాంసం ఏది తింటారు? సరిగా ఉడకనిది ఎప్పుడైనా తిన్నారా?" అని ఆమె అడిగారు. ఒక్క క్షణం తడబడ్డాను. దసరాకు ఊళ్లో పెద్దకూర ముక్కలు నిప్పుల మీద కాల్చుకున్నాం, పైన మాడినా లోపల ఎర్రగానే ఉన్నాయి అని చెప్పేశాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. మనిషి మలంలోని గుడ్లు పడిన గడ్డిని పశువు మేస్తే దాని కండరాల్లో చిన్న తిత్తులు ఏర్పడతాయనీ, ఆ మాంసం పచ్చిగా తిన్నవారి పేగుల్లో రెండు మూడు నెలల్లో పురుగు మీటర్ల పొడవు పెరుగుతుందనీ వివరించారు. దసరా నుంచి లెక్క వేసుకుంటే సరిపోయింది.

గుడ్లు రోజూ బయటికి రావట. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వమన్నారు. ఈసారి ముక్క వస్తే పారేయకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో, కొంచెం సెలైన్‌లో వేసి తెమ్మన్నారు. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, విడవని తలనొప్పి ఉందా, చర్మం కింద గడ్డలేమైనా ఉన్నాయా అని కూడా అడిగారు. పంది మాంసంతో వచ్చే రకమైతే దాని గుడ్లు చేతుల ద్వారా నోట్లోకి చేరి, మెదడులో తిత్తులు కట్టవచ్చట. ఇంట్లోవాళ్లకూ ఆ ప్రమాదం ఉంటుంది. రెండు రకాల గుడ్లూ మైక్రోస్కోపులో ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ముక్కే తేల్చాలి. అది తేలేవరకు సబ్బుతో చేతులు కడగకుండా మా చిన్నదానికి ఒక్క ముద్ద తినిపించలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

మూడో రోజు ముక్క దొరికింది. రెండు గాజు పలకల మధ్య నొక్కి, అందులోని గర్భకోశం నుంచి ఒక పక్కకు చీలిన కొమ్మలను లెక్కపెట్టారు. పంది రకానికి 7 నుంచి 13 ఉంటాయి, పశువు రకానికి 12 నుంచి 30 దాకా ఉంటాయి. నాది 18. ఆ అంకె వినగానే అక్కడే కుర్చీలో కూర్చుండిపోయి ఏడ్చాను.

బరువును బట్టి ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు ఒక్క మోతాదు ఇచ్చారు. కొంచెం తల తిరిగింది, అంతే. నెల తరువాతి పరీక్షలో ఏమీ లేదు. మూడో నెల పరీక్ష వచ్చే సోమవారం, డబ్బా కొని పెట్టుకున్నాను.